మూడు తీగెల వంతెన

పోర్ట్ క్లాంగ్‌లో నివసించే మనకు రేవు అనే మాట కొత్తది కాదు. 1972 వరకు పోర్ట్ స్వెటెన్‌హామ్ అనే పేరుతో ఉండిన ఈ ఊరి రేవులోనే, మద్రాసులో ఓడ ఎక్కిన మన పూర్వులలో అనేకులు తొలిసారిగా మలయా నేలపై కాలు మోపారు. ఇక్కడి క్వారంటైన్ శిబిరంలో రోజులు లెక్కపెట్టుకున్నారు. వారు ఇంటికి వ్రాసిన ఉత్తరం చేరటానికి వారాలు పట్టేది. నేను ఈ వ్యాసంలో చెప్పదలచినది ఇదే ఊరిలోని మరొక రేవు సంగతి. అది ఒక పాత కంప్యూటరు వెనుక భాగాన, చిటికెన వేలి గోరంత వెడల్పున, గుండ్రంగా, 8 రంధ్రాలతో ఉంటుంది. దానిని సీరియల్ పోర్టు అంటారు. మనం సీరియల్ రేవు అందాం. ఆ రేవు గుండా కూడా ఒకప్పుడు ఉత్తరాలు వెళ్లాయి, అవి కూడా తెలుగు ఉత్తరాలే.

నేను పనిచేసే పరిశోధనశాలలో పామాయిల్ నుంచి తీసే పదార్థాల మీద పరిశోధన జరుగుతుంది. 1990 దశకంలో ఇక్కడ ఒక ఎన్.ఎం.ఆర్. యంత్రం ఉండేది. అణువులను బలమైన అయస్కాంత క్షేత్రంలో నిలిపి, రేడియో తరంగాలతో తట్టి, అవి ఇచ్చే ప్రతిధ్వనిని ఆలకించటం ఆ యంత్రం పని. దానికి తోడుగా వచ్చినది సన్ కంపెనీ వారి స్పార్క్‌స్టేషన్ ఐ.పి.సి. అనే యూనిక్స్ వర్క్‌స్టేషన్. 1990లో విడుదలైన ఈ నమూనా చూడటానికి టిఫిన్ డబ్బా ఆకారంలో ఉంటుంది. దాని వేగం 25 మెగాహెర్ట్‌జ్. నేడు మన పిల్లల చేతి గడియారాలు కూడా దానికన్నా వేగంగా లెక్కలు చేస్తాయి. ఎన్.ఎం.ఆర్. యంత్రం పాతబడి పోయిన తరువాత, డబ్బా మాత్రం ఒక అలమరలో మిగిలిపోయింది.

2019 నవంబరులో ఆ అలమర ఖాళీ చేయాలని నిర్ణయమైంది. పాత సామాను కొనేవారు శనివారం వస్తారని సోమవారం నాడు చెప్పారు. ఆ డబ్బాలో ఏముందో ఎవరికీ తెలియదు. నాకు మాత్రం కొంత తెలుసు. 1990 దశకంలో సేకరించిన పామాయిల్ నమూనాల కార్బన్-13 వర్ణపటాలు అందులో ఉన్నాయి. నూనె అణువులో గ్లిసరాల్ అనే వెన్నెముకకు మూడు కొవ్వు ఆమ్లాలు వ్రేలాడుతూ ఉంటాయి. వాటిలో ఏది నడుమ ఉన్నదో, ఏవి కొనల వద్ద ఉన్నవో ఆ వర్ణపటంలో 173 పి.పి.ఎం. ప్రాంతాన కనిపించే సన్నని శిఖరాలు చెబుతాయి. పాతికేళ్లనాటి నూనెను నేటి నూనెతో పోల్చాలంటే నాటి నూనె కావాలి. సీసాలు ఏనాడో పారవేశారు. మిగిలినది వర్ణపటమే.

ఆ యంత్రాన్ని నడిపిన పెద్దాయన కాకినాడ వాస్తవ్యులు. పదవీ విరమణ తరువాత స్వస్థలానికి వెళ్లిపోయారు. ఆయనను నేను బాబాయిగారు అని పిలుస్తాను. ఫోను చేసి విషయం చెప్పగానే, "ఏమ్మా, ఆ డబ్బా ఇంకా బతికే ఉందా?" అన్నారు. రూట్ పాస్‌వర్డ్ అడిగాను. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "పులిహోర. ఇంగ్లీషులో వ్రాస్తే సరిగ్గా ఎనిమిది అక్షరాలు. ఆ రోజుల్లో యూనిక్స్ ఎనిమిది దాటితే లెక్కలోకి తీసుకునేది కాదు కదా" అన్నారు. ఆ తరువాత కొంచెం ఆగి, "అందులో మా అమ్మాయి ఉత్తరాలు కూడా ఉండాలి. వీలైతే చూడమ్మా. ముందు వర్ణపటాల సంగతి చూడు" అన్నారు.

డిస్కును ఊడదీసి మరొక కంప్యూటరుకు తగిలించవచ్చు కదా అని పాఠకులలో కొందరికి అనిపించవచ్చు. నాకూ అనిపించింది. మీట నొక్కగానే డిస్కు తిరగలేదు. డబ్బాను రెండు చేతులతో పట్టుకొని ఒక్కసారి మెలి తిప్పితే అప్పుడు మూలుగుతూ తిరగటం మొదలుపెట్టింది. ఆ కాలపు డిస్కులలో చదివే తల పళ్లేనికి అతుక్కుపోవటం తరచుగా జరిగేదే. ఒకసారి ఆపితే మళ్లీ తిరుగుతుందనే భరోసా లేదు. కనుక తిరుగుతూ ఉండగానే లోపలి సరుకును బయటకు తేవాలి.

అప్పుడు రెండవ చిక్కు ఎదురైంది. ఈ యంత్రంలో గడియారాన్ని నడిపే చిప్‌లోనే ఒక చిన్న బ్యాటరీ ఇమిడి ఉంటుంది. పది, పదిహేను సంవత్సరాలలో అది చచ్చిపోతుంది. దానితోపాటు యంత్రానికి పుట్టుకతో వచ్చిన గుర్తింపు సంఖ్య, ఈథర్‌నెట్ చిరునామా కూడా మాసిపోతాయి. తన పేరు తాను మరచిన మనిషి వంటిది ఆ యంత్రం. వర్ణపటాలను చూపే ప్రోగ్రాము ఆ గుర్తింపు సంఖ్యతో ముడిపడి ఉండటం వలన తెరుచుకోలేదు. ఈథర్‌నెట్ సాకెట్టుకు బయట తగిలించవలసిన ట్రాన్సీవర్ పెట్టె ఎన్.ఎం.ఆర్. యంత్రంతోపాటు ఎప్పుడో వెళ్లిపోయింది. మిగిలినవి రెండు సీరియల్ రేవులు. వాటికి పేరుతో, చిరునామాతో పని లేదు. తీగె తగిలిస్తే చాలు.

సీరియల్ లైను మీద కంప్యూటర్లు ఎలా మాట్లాడుకుంటాయో కొంచెం వివరిస్తాను. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. ఆ బిట్లు ఒకే తీగె మీద, చీమల బారులాగా, ఒకదాని వెనుక ఒకటి వెళతాయి. ప్రతి బైటుకు ముందు "ఇదిగో మొదలు" అని ఒక బిట్టు, చివర "అయిపోయింది" అని ఒక బిట్టు చేర్చుతారు. అంటే బైటుకు పది బిట్ల ఖర్చు. సెకనుకు 9,600 బిట్ల వేగమంటే 960 బైట్లు మాత్రమే. వెళ్లటానికి ఒక తీగె, రావటానికి ఒక తీగె, ఇద్దరికీ ఉమ్మడిగా భూమి తీగె ఒకటి. ఒకరి నోరు రెండవవారి చెవికి కలిపితే వంతెన పూర్తి అవుతుంది.

అయితే ఇంటర్‌నెట్ నడిచేది బైట్లతో కాదు, పొట్లాలతో. పంపవలసిన సమాచారాన్ని పొట్లాలుగా కట్టి, ప్రతి పొట్లం మీద ఎవరి నుంచి, ఎవరికి అని వ్రాసి పంపుతారు. ఎడతెగకుండా వచ్చే బైట్ల బారులో ఒక పొట్లం ఎక్కడ ముగిసింది, మరొకటి ఎక్కడ మొదలైంది? మన తాళపత్ర గ్రంథాలలో పదాల మధ్య ఖాళీ ఉండదు. నిలువు గీత కనిపించిన చోట వాక్యం ముగిసిందని పాఠకుడు గ్రహించాలి. 1984లో రిక్ ఆడమ్స్ అనే ఆయన బర్కిలీ యూనిక్స్‌కు, సన్ వర్క్‌స్టేషన్లకు సమకూర్చిన స్లిప్ అనే పద్ధతి సరిగ్గా ఇటువంటిదే. పొట్లం చివర 192 అనే బైటు పంపుతారు. అది నిలువు గీత. పొట్లం లోపలే 192 తటస్థిస్తే? దానికి బదులు 219, 220 అనే జంటను పంపుతారు. 219 తటస్థిస్తే 219, 221. అంతే, స్లిప్ మొత్తం ఇదే. జాన్ రోమ్‌కీ 1988లో దీనిని ఒక పత్రంగా వ్రాసినప్పుడు, ఇది ప్రమాణం కాదని శీర్షికలోనే ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఒక చిన్న వింత చెప్పకుండా ఉండలేను. ఇళ్లలోను, ఆఫీసులలోను సొంత వాడకానికి కేటాయించిన చిరునామాలు చాలావరకు 192.168 అనే అంకెలతో మొదలవుతాయి. పొట్లం మీద పంపేవారి చిరునామాలో ఒక 192, అందుకునేవారి చిరునామాలో ఒక 192. అంటే ఇటువంటి ప్రతి పొట్లంలోను నిలువు గీతను పోలిన అక్షరాలు కనీసం రెండు ఉంటాయి. ఈ అంకెను ఎంచుకున్నప్పుడు ఎవరూ ఊహించి ఉండరు.

బుధవారం నాడు కౌలాలంపూర్ వెళ్లి, లో యాట్ ప్లాజాలో యు.ఎస్.బి. నుంచి సీరియల్‌కు మార్చే తీగెలు రెండు కొన్నాను. సన్ వారి గుండ్రని రేవుకు సరిపోయే తీగె ఎక్కడా దొరకలేదు. రాత్రి వంటింటి బల్ల మీద నేనే టంకం పెట్టి తయారుచేశాను. పధ్నాలుగేళ్ల మా అబ్బాయి పక్కన నిలబడి, "అమ్మా, దీనికి వై-ఫై లేదా?" అని అడిగాడు. ఇది పుట్టేనాటికి వై-ఫై పుట్టలేదని చెప్పాను. వాడు జాలిగా చూశాడు. జాలి డబ్బా మీదనో నా మీదనో తెలియలేదు.

సన్ యంత్రానికి ఒక మంచి గుణం ఉంది. కీబోర్డు తగిలించకపోతే అది తనంతట తానే మొదటి సీరియల్ రేవు ద్వారా సెకనుకు 9,600 బిట్ల వేగంతో మాట్లాడుతుంది. నా ల్యాప్‌టాప్ తెర మీద దాని పలుకులు కనబడినప్పుడు నిజంగా సంతోషం కలిగింది. ఏ డిస్కు నుంచి లేవాలో చేత్తో చెప్పి, పులిహోరతో లోపలికి ప్రవేశించాను.

సన్ ఓ.ఎస్. 4.1లో స్లిప్ గాని, దాని తరువాత వచ్చిన పి.పి.పి. గాని సహజంగా ఉండవు. ఎవరో తెచ్చి, కెర్నెల్‌లో చేర్చవలసినదే. ఎంతో శ్రమ అనుకున్నది తీరా చూస్తే అప్పటికే చేసి ఉంది. రెండూ ఉన్నాయి, చేర్చినది బాబాయిగారే. ఫోను నంబరు తిప్పే లిపి కూడా ఉంది. "కనెక్ట్ అనే మాట కోసం ఎదురుచూడు, లాగిన్ అని అడిగితే పేరు పంపు, పాస్‌వర్డ్ అని అడిగితే అది పంపు" అనే జంటల వరుస అది.

మలేషియా ప్రభుత్వ సంస్థ మిమోస్ 1992లో జారింగ్ అనే పేరుతో ఇంటర్‌నెట్ సేవ ప్రారంభించింది. మలయ్ భాషలో జారింగ్ అంటే వల. 1996లో టి.ఎం.నెట్ వచ్చే వరకు ఈ దేశంలో అదొక్కటే మార్గం. 2015లో అది మూతపడింది. 1995లో బాబాయిగారు ఆఫీసు ఫ్యాక్సు లైను ఖాళీ అయిన తరువాత, రాత్రి తొమ్మిది దాటాక, మోడెమ్‌తో జారింగ్‌కు ఫోను చేసి, అమెరికాలో చదువుకుంటున్న కుమార్తెకు ఉత్తరం పంపేవారు. మన దేశంలో వి.ఎస్.ఎన్.ఎల్. వారు సామాన్యులకు ఇంటర్‌నెట్ ఇచ్చినది 1995 ఆగస్టు 15న, అదీ బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరాలలో. కాబట్టి కాకినాడలోని భార్యకు ఏరోగ్రామ్, అమెరికాలోని కూతురికి ఈ-మెయిలు. ఒకే రాత్రి వ్రాసిన రెండు ఉత్తరాలలో ఒకటి నిమిషాల్లో, మరొకటి పది రోజులకు చేరేవట.

ఆ యంత్రంలో తెలుగు లిపి లేదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు రూపొందించిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాసేవారు. చిన్న 'టి' వ్రాస్తే 'త', పెద్ద 'టి' వ్రాస్తే 'ట'. ఆ తరం ప్రవాసులకు ఇది కంఠతా వచ్చు. బాబాయిగారు ఆ పద్ధతిలో ఉత్తరాలే కాదు, కంప్యూటరు ఫైళ్లలో వ్యాఖ్యలు కూడా వ్రాసుకున్నారు. స్లిప్ ఫైలు పైన ఒక హెచ్చరిక కనిపించింది: "దీని మీద ఎన్.ఎఫ్.ఎస్. వాడవద్దు. అంకెలు చెడతాయి. రెండు రోజులు పోయాయి."

ఫోను చేసి అడిగాను. ఆయన చెప్పిన సంగతి ప్రతి రసాయన శాస్త్రజ్ఞుడూ వినదగినది. ఒకనాడు ఆయన వర్ణపటం ఫైలును స్లిప్ లైను ద్వారా మరొక కంప్యూటరుకు చేర్చి చూస్తే, అడుగు గీత చదునుగా ఉండవలసినది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అలలు అలలుగా ఉందట. నమూనాలో ఏదో మాలిన్యం ఉందని, అయస్కాంత క్షేత్రం కదిలిందని, రెండు రోజులు వెతికారు. చివరకు తేలినది, దారిలో ఒక్క బైటు చెడింది. ఎన్.ఎం.ఆర్. యంత్రం మొదట నమోదు చేసేది కాలంతోపాటు తగ్గిపోయే ప్రతిధ్వని. దానిని ఫూరియే గణితంతో వర్ణపటంగా మారుస్తాము. ఆ గణితంలో ఒక్క బిందువు తప్పయితే, ఆ తప్పు ఒక చోట నిలవదు, వర్ణపటమంతా అలగా పరచుకుంటుంది.

స్లిప్ పద్ధతిలో తప్పు పట్టే ఏర్పాటు ఏదీ లేదు. చెడిన బైటు మంచి బైటులాగానే దిగుతుంది. పై అంతస్తులో టి.సి.పి. అనే పద్ధతి తన సొంత తనిఖీ చేస్తుంది కాబట్టి మెయిలు, ఎఫ్.టి.పి. కొంత సురక్షితం. కాని ఆ కాలపు ఎన్.ఎఫ్.ఎస్. నడిచినది యు.డి.పి. మీద. సన్ ఓ.ఎస్. 4లో యు.డి.పి. తనిఖీని, వేగం కోసం, మొదటి నుంచీ కట్టివేసి ఉంచారు. ఈథర్‌నెట్‌కు తన తనిఖీ ఉంది కాబట్టి ఆఫీసు లోపల ఏమీ కాలేదు. అదే సరుకు స్లిప్ మీదకు దిగేసరికి కాపలాదారు ఒక్కడూ లేడు. బ్లాంక్ చేయకుండా టైట్రేషన్ చేసినట్లు.

అందుకే నేను పి.పి.పి. ఎంచుకున్నాను. 1989లో మొదటి రూపం పొంది, 1994 నాటికి స్థిరపడిన ఈ పద్ధతిలో ప్రతి పొట్లం చివర రెండు బైట్ల తనిఖీ సంఖ్య ఉంటుంది. సరిపోకపోతే పొట్లాన్ని పారవేస్తారు, టి.సి.పి. దానిని మళ్లీ పంపిస్తుంది. మరొక సౌకర్యం, రెండు కొనలూ మొదట కూర్చుని ఒప్పందం చేసుకుంటాయి. నీ చిరునామా ఇది, నా చిరునామా ఇది, ఈ అక్షరాలను విడిగా పంపవద్దు, ఇంత పెద్ద పొట్లం వద్దు అని మాట్లాడుకుంటాయి. స్లిప్‌లో ఈ మాటలు లేవు. ఫోను చేసిన ప్రతిసారీ అవతలివారు కొత్త చిరునామా ఇస్తే, దానిని తెర మీద చదివి మనమే చేత్తో చెప్పాలి. మన పెళ్లి చూపులలో పెద్దలు చేసే పనిని పి.పి.పి. చేస్తుంది. లినక్స్‌లో నేటికీ ఉన్న పి.పి.పి.డి. అనే ప్రోగ్రాము, బాబాయిగారు చేర్చిన ప్రోగ్రాము ఒకే వంశం. దానిని చాలాకాలం పోషించినవారు ఆస్ట్రేలియాకు చెందిన పాల్ మెకెరాస్. పాతికేళ్ల ఎడం ఉన్న తాత, మనుమడు ఒకరి భాష ఒకరు అర్థం చేసుకోవాలి.

గురువారం సాయంత్రమంతా వృథా అయింది. లినక్స్ పలకరిస్తోంది, సన్ బదులు చెప్పటం లేదు. తీగె తప్పు అనుకొని టంకం మళ్లీ పెట్టాను. తప్పు తీగెది కాదు. అవతల మోడెమ్ ఉన్నదని, అది "క్యారియర్ దొరికింది" అనే సంకేతం ఇస్తుందని సన్ ఎదురుచూస్తోంది. నా మూడు తీగెలలో ఆ సంకేతానికి తీగె లేదు. టి.టి.వై.ట్యాబ్ అనే ఫైలులో ఆ రేవు పక్కన "లోకల్" అనే ఒక్క మాట చేర్చి, టి.టి.వై.సాఫ్ట్‌కార్ అనే ఆజ్ఞ ఇవ్వగానే, ఎదురుచూపు మానింది. రెండు క్షణాలలో తెర మీద రెండు చిరునామాలు కనిపించాయి. పింగ్ పంపాను. బదులు వచ్చింది.

వేగం సంగతి కూడా చెప్పాలి. సన్ ఓ.ఎస్. 4.1 ఈ రేవును సెకనుకు 38,400 బిట్లకు మించి నడపలేదు. ఆ వేగంలో 260 మైక్రోసెకన్లకు ఒక బైటు వస్తుంది. రేవు వద్ద ఉన్న జైలాగ్ 8530 అనే చిప్ మూడు బైట్లను మాత్రమే దాచుకోగలదు. ప్రాసెసర్ డిస్కు పనిలో మునిగి, మూడు బైట్ల వ్యవధిలో వచ్చి తీసుకోకపోతే, నాలుగవది నేలపాలు. అప్పుడు తెర మీద "సైలో ఓవర్‌ఫ్లో" అనే ఫిర్యాదు కనిపిస్తుంది. గాదె నిండింది అని అర్థం. నాకు అది నిమిషానికొకసారి కనిపించింది. 19,200కు తగ్గించాను. ఫిర్యాదు ఆగింది.

ఫైళ్లను కుదించగా 50 మెగాబైట్లు తేలాయి. సెకనుకు 1,920 బైట్ల వంతున ఏడుంపావు గంటలు. శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి మొదలుపెడితే తెల్లవారేసరికి పూర్తి అవుతుంది, డిస్కు అంతవరకు ఓర్చుకుంటే. బాబాయిగారు ముందు వర్ణపటాలు చూడమన్నారు. నేను ఆయన మాట కొంచెం మీరాను. ఉత్తరాలన్నీ కలిపి 600 కిలోబైట్లే. అయిదు నిమిషాల పని. ముందు అవే పంపాను. తెరిచి చదవలేదు. తేదీలు మాత్రం కనిపించాయి, 1995 నుంచి 1998 వరకు.

ఆ రాత్రి ప్రయోగశాలలోనే కూర్చున్నాను. నవంబరు వాన, రేవు వైపు నుంచి ఓడల బూరాలు. డిస్కు మూలుగు మధ్యమధ్య స్థాయి మారినప్పుడల్లా గుండె ఝల్లుమనేది. ఒంటిగంట దాటాక అంకెలు కదలటం మానేశాయి. దాదాపు ఒక నిమిషం. డిస్కు ఒకే చోట టక టక కొట్టుకుంటోంది. నేను ఏమీ ముట్టుకోలేదు. తరువాత టి.సి.పి. తన ఓపికతో తాను మళ్లీ అందుకుంది. ఏడుంపావు గంటలనుకున్నది ఎనిమిది దాటింది.

ఉదయం రెండు వైపులా "సమ్" అనే ఆజ్ఞతో ప్రతి ఫైలు తనిఖీ సంఖ్యను పోల్చాను. 412 ఫైళ్లలో 409 సరిపోయాయి. మూడు ఫైళ్లను డిస్కే చదవలేకపోయింది. దారిలో చెడినది ఒక్కటీ లేదు. ల్యాప్‌టాప్‌లోని కొత్త ప్రోగ్రాములో మొదటి ఫైలును తెరిచి ఫూరియే మార్పు చేశాను. 173 పి.పి.ఎం. దగ్గర శిఖరాలు సూదుల్లా నిలబడ్డాయి. అడుగు గీత చదునుగా ఉంది.

డబ్బాను క్రమంగా ఆపి, విద్యుత్తు తీశాను. సామాను కొనేవారు పదకొండింటికి గాని రాలేదు. ఊరకుండలేక మరొకసారి మీట నొక్కాను. ఫ్యాను తిరిగింది. డిస్కు తిరగలేదు. మెలి తిప్పినా తిరగలేదు.

ఉత్తరాలను ఒక పొట్లంగా కట్టి కాకినాడకు పంపాను. రెండు రోజుల తరువాత బాబాయిగారు ఫోను చేశారు. ఆర్.టి.ఎస్. నుంచి తెలుగు లిపిలోకి మార్చి, అచ్చు తీయించి, పిన్నిగారికి ఇచ్చారట. ఆ కాలంలో తండ్రీకూతుళ్లు ఏమి వ్రాసుకున్నారో ఆవిడ అంతవరకు చదవలేదు. "నా వంట గురించి మీరిద్దరూ ఇంత మాట్లాడుకున్నారా అని అడుగుతోందమ్మా" అన్నారు.

ఆ మూడు తీగెల కేబులు, రెండు యు.ఎస్.బి. ముక్కలు మా ఇంట్లోనే ఉన్నాయి. మన సభ్యులలో ఎవరి అటకమీదనైనా ఇటువంటి పాత యంత్రం ఉంటే, విద్యుత్తు ఇచ్చే ముందు నాకు ఒక మాట చెప్పగలరు. కేబులు తీసుకొని వస్తాను.